కబురు పంపలేదు, తనే వచ్చాడు

మా సంఘంలో క్రిస్మస్ కూటాలకు వాక్యం చెప్పమని నన్ను అడగడం మానేసి చాలా ఏళ్లయింది. అడిగినన్నాళ్లూ గొంతు బాగోలేదని చెప్పేవాణ్ణి. గొంతు బాగానే ఉండేది. దేవుడు మనిషిగా పుట్టడం గురించి, కృప గురించి నా అంత చక్కగా చెప్పేవాడు మా చుట్టుపక్కల సంఘాల్లో లేడని ఒకప్పుడు పేరు. ఆ పేరు ఎవరైనా గుర్తుచేస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్పాలంటే ఐసు ఫ్యాక్టరీ దగ్గర మొదలుపెట్టాలి.

డెబ్బైల చివర్లో ఫిషింగ్ హార్బరు పక్కన ఒక ప్రైవేటు ఐసు ఫ్యాక్టరీలో నేను ఎలక్ట్రీషియన్ని. ఇప్పుడా ఫ్యాక్టరీ లేదు. ఒకవైపు అమోనియా ఘాటు, ఇంకోవైపు చేపల వాసన, మధ్యలో మేము. మరబోట్లు సముద్రంలోకి వెళ్లే ముందు ఐసు నింపుకోవాలి కాబట్టి తెల్లారకముందే పని మొదలయ్యేది. నిలబెడితే ఛాతీ దాకా వచ్చే ఐసు దిమ్మల్ని క్రషర్లో పడేస్తే, లోపల తిరిగే ఇనప పళ్ళు వాటిని నలిపి ముక్కలు చేసి గొట్టంలోంచి బోటులోకి విసిరేవి. అలాంటి క్రషర్లు రెండు. ఆ రెండూ, కంప్రెసరూ, మిగతా యంత్రాలూ బాగుచెయ్యడానికి ఒక ఫిట్టరుండేవాడు. నాకన్నా నాలుగైదేళ్లు పెద్దవాడు. విజయనగరం అవతల ఏదో ఊళ్లో వ్యవసాయం చేసే కుటుంబం. వానలు సరిగ్గా పడక పట్నం వచ్చి, గాజువాకలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాడు. చేరిన మొదటి రోజునే నన్ను బావా అన్నాడు. నేనూ అన్నాను. అందుచేత ఆయన భార్య నాకు చెల్లెమ్మయింది, నా భార్య ఆయనకు చెల్లి అయింది. కులాలు వేరు, దేవుళ్లు వేరు. ఆ పిలుపులకి అవేవీ అడ్డం రాలేదు.

నాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. మా నాన్న బడిపంతులు. సాయంత్రం కుటుంబ ప్రార్థన అయితే గాని కంచాలు పెట్టేవారు కాదు. సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీ పెడితే ప్రైజు నాకే రావాలి. రాకపోతే రెండు రోజులు అన్నం సహించేది కాదు. దేవుడు మనకు ఊరికే ఇస్తాడు, మన మంచితనం చూసి ఇవ్వడు అని నేను పదేళ్లప్పుడే అప్పజెప్పేవాణ్ణి. అప్పజెప్పి ప్రైజు తెచ్చుకునేవాణ్ణి. ఆ రెండూ ఒకదానికొకటి పొసగవని నాకు గాని, ప్రైజు ఇచ్చిన పెద్దలకు గాని తట్టలేదు.

పన్నెండు గంటలకు బావా నేనూ క్యారేజీలు విప్పుకుని తినేవాళ్లం. వలలు ఆరేసిన గట్టు మీద కూర్చునేవాళ్లం. అక్కడే నేను సువార్త మొదలుపెట్టేవాణ్ణి. ఇది చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ నిజం: ఆయన్ని చర్చికి తీసుకెళ్లి మా అయ్యగారి ముందు నిలబెట్టాలని నాకు చాలా కోరికగా ఉండేది. మా పాస్టరుగారిని అందరం అయ్యగారనే అనేవాళ్లం. ఏడాదికోసారి ఆయన, "నీ ద్వారా ఎవరైనా వచ్చారా?" అని అడిగేవారు. నేను తలొంచుకునేవాణ్ణి.

బావ వినేవాడు. అన్నం కలుపుకుంటూ నేను చెప్పిందంతా వినేవాడు. అదే నాకు ఇంకా కష్టంగా ఉండేది, కోప్పడితే వాదించొచ్చు. తమకూ దేవుళ్లు మనుషులుగా పుట్టారని, రాముడు అడవుల్లో తిరిగాడని, కృష్ణుడు పశువుల్ని కాశాడని, కాబట్టి మీ దేవుడు మనిషయ్యాడంటే తనకు వింతేమీ లేదని అనేవాడు. మా ప్రభువు దుష్టుల్ని చంపడానికి రాలేదు, దుష్టుల కోసం చావడానికి వచ్చాడు అని నేను చెప్పాను. అది బాగుందన్నాడు. ముద్ద కలుపుకుంటూ అడిగాడు.

"ఒకటి సెప్పు బావా. సెమించీడానికి అంత దూరం నుండి రావాలేటి? దేవుడు కదా. ఆడే కూకుని సెమించీశాను అనీస్తే అయిపోను కదా."

నేను పాపం గురించి చెప్పాను, న్యాయం గురించి చెప్పాను, తీర్పు గురించి చెప్పాను. రెండో రోజు ఇంకో రకంగా చెప్పాను. మూడో రోజు మా అయ్యగారిని అడిగి రాసుకొచ్చి చెప్పాను. ఆయన అంతా విని, చేపముల్లు తీసి పక్కన పెట్టి, "నీకే బాగా తెల్దు బావా" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నా మీద జాలిపడుతున్నట్టే అన్నాడు.

ఇలా నాలుగైదేళ్లు నడిచింది. ఆ ఏడు డిసెంబర్లో క్రిస్మస్ ముందు ఆదివారం సాయంత్రం వాక్యం చెప్పే వంతు నాది. అంశం నేనే ఎంచుకున్నాను, దేవుడు మనిషి ఎందుకయ్యాడు అని. బావ ప్రశ్నకు జవాబు చెప్పి, ఆయన్ని ముందు బెంచీలో కూర్చోబెట్టి వినిపించాలని పంతం. కాగితం మీద నాలుగు అంశాలు రాసుకుని చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. పని చేస్తూనే పెదాలు కదిపి వల్లించుకుంటున్నాను.

అంతకు వారం ముందే మెయిన్ బోర్డులో వైర్లు మార్చాను. ఉప్పుగాలికి పాతవి తుప్పుపట్టాయి. మార్చినప్పుడు ఒకటో క్రషరు ఫ్యూజు కుడివైపుకీ, రెండోది ఎడమవైపుకీ వచ్చాయి. అంతకుముందు ఒకటోది ఎడమవైపు, రెండోది కుడివైపు ఉండేవి. వాటి మీద పెయింటుతో అంకెలు వెయ్యాలి. అర నిమిషం పని. రేపు వేస్తాను, ఎల్లుండి వేస్తాను అనుకుంటూ వెయ్యలేదు.

ఒకరోజు పొద్దున్న పది గంటలప్పుడు కరెంటు పోయింది. సరిగ్గా అప్పుడే ఒకటో క్రషర్లో విరిగిన చెక్కముక్కేదో అడ్డంపడి పళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. కరెంటు వచ్చేలోగా తీసేద్దామని బావ పైకెక్కాడు. ఆ పాత క్రషర్లకి వేరే భద్రతేమీ ఉండేది కాదు, కరెంటు వస్తే వాటంతటవే తిరుగుతాయి. అందుకే ఫ్యూజు పీకి గాని చెయ్యి పెట్టకూడదు.

"పీకీ బావా" అని అరిచాడు.

నేను బోర్డు దగ్గరికెళ్లి ఎడమవైపు ఫ్యూజు పీకాను. ఏళ్ల తరబడి ఒకటో క్రషరుకి ఎడమచెయ్యే వెళ్లేది. మనసులో మూడో అంశం నడుస్తోంది.

"పీకేను" అన్నాను.

రెండు నిమిషాలైందో, మూడైందో. కరెంటొచ్చింది. హార్బరులో అందరూ హమ్మయ్య అన్నారు, ఆ చప్పుడు నాకు వినబడింది. ఆ తరవాత బావ గొంతు. పెద్దగా అరవలేదు. "బావా" అన్నాడు, అంతే. నేను మెయిన్ స్విచ్చి దింపి పరిగెత్తేసరికి కుడిచెయ్యి మణికట్టు దాకా లోపలుంది.

కళాసీలు బయటికి తీసి, చేతికి గుడ్డ చుట్టి, చేపలు మోసే వ్యాన్లో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నేను కూడా ఎక్కబోయాను, జాగా లేదన్నారు. వ్యాను వెళ్లిపోయింది. నేను వెనక్కి బోర్డు దగ్గరికి వచ్చాను.

అక్కడ నేనేం చేశానో నెలన్నర దాకా ఎవరికీ చెప్పలేదు. ఎడమ ఫ్యూజు తిరిగి పెట్టాను. కుడి ఫ్యూజు పీకి బల్ల మీద పెట్టాను. ఎవరూ చెయ్యమనలేదు. ఆలోచించి చేశానని కూడా అనలేను. కానీ చేసినవి నా చేతులే. పది వేళ్లూ ఉన్న చేతులు.

మేనేజరుగారు వచ్చి బోర్డు చూశారు. ఫ్యూజు తీశావా అని అడిగారు. తీశానండి అన్నాను. అబద్ధం కూడా కాదు చూడండి, తీశాను. మరి ఎలా జరిగిందంటే నేను మాట్లాడలేదు. ఫ్యూజు తియ్యకముందే తొందరపడి చెయ్యి పెట్టేసి ఉంటాడని ఆయనే అన్నారు. నేను కాదనలేదు. సాయంత్రం ఆయన ఆసుపత్రికెళ్లి బావనే అడిగారట. బావ, "తొందరపడ్డాను బాబూ" అన్నాడట. ఆ మాట మర్నాడు మేనేజరుగారి నోట విన్నాను. నేను "పీకేను" అనడం బావ విన్నాడు. విన్నాకే చెయ్యి పెట్టాడు. ఆయనకు తెలుసు.

మధ్య వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు తీసేశారు. బొటనవేలు, చూపుడు వేలు మిగిలాయి. ఫిట్టరుకి కుడిచేతిలో రెండు వేళ్లు.

ఆసుపత్రికి ఒకసారి వెళ్లాను. వార్డు గుమ్మం దాకా వెళ్లాను. చెల్లెమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని గ్లాసులో పాలు చల్లారుస్తోంది. బావ అటు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను అక్కణ్ణించే వెనక్కి వచ్చేశాను. ఇంటికొచ్చి మా ఆవిడతో నిద్రపోతున్నాడని చెప్పాను.

ఆ ఆదివారం వాక్యం చెప్పనని అయ్యగారికి చెప్పడానికి వెళ్లాను. చెప్పలేకపోయాను. చెబితే ఎందుకని అడుగుతారు. సాయంత్రం తెల్ల లాల్చీ వేసుకుని ముందుకెళ్లి నిలబడ్డాను. నాలుగు అంశాలూ చెప్పాను. ఒక్క మాట తడబడలేదు. దేవుడు ఆకాశంలో ఉండి జాలిపడలేదు, మన మట్టి దేహం తొడుక్కుని మన మధ్యకు దిగాడు అని చెప్పేటప్పుడు నా గొంతు వణికింది. అది చూసి ముందు వరసల్లో అమ్మలు కళ్లు తుడుచుకున్నారు. అయ్యగారు నా భుజం మీద చెయ్యి వేసి, ఆ పీఠం మీద నుంచి ఇంత మంచి వాక్య వర్తమానం తను వినలేదన్నారు. కేకు ముక్క చేతిలో పెట్టారు. అది పట్టుకుని బయట గోడ పక్కన నిలబడ్డాను. వణికింది భక్తితో కాదని ఒక్కళ్లకైనా అనుమానం రాలేదేమని వాళ్ల మీద కోపం వచ్చింది. వాళ్ల తప్పేముంది?

మా ఆవిడకు మాత్రం ఏదో ఉందని తెలిసింది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మిషను కుట్టుకుంటూ, అన్నయ్యని చూడ్డానికి మళ్లీ ఎప్పుడు వెళ్దామని రోజుకోసారి అడిగేది. ఏదో ఒక వంక చెప్పేవాణ్ణి. కొత్త సంవత్సరం వచ్చింది. బావని డిశ్చార్జి చేశారని, గాజువాకలో ఇంటి దగ్గరే ఉన్నాడని ఫ్యాక్టరీలో అనుకున్నారు. నేను వెళ్లలేదు.

జనవరి నెలాఖర్లో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి పడుకున్నాను. మధ్యాహ్నం. అప్పుడు మేము పాత ఊళ్లో, మేడల మధ్య సందులో ఒక పెంకుటింట్లో ఉండేవాళ్లం. గుమ్మంలో "సెల్లీ" అని పిలుపు వినిపించింది. నేను లేచి, తలుపు దగ్గరికి కాదు, పెరట్లోకి వెళ్లాను. నీళ్ల తొట్టి పక్కన నిలబడ్డాను. ముప్పై దాటిన మనిషిని, వాక్యం చెప్పే మనిషిని, తొట్టి వెనకాల నక్కాను.

లోపల మా ఆవిడ ఆయన్ని కూర్చోబెట్టడం, కంచం పెట్టడం వినబడుతూనే ఉంది. నేను ఉన్నానా అని అడిగాడు. పెరట్లో ఉన్నారని ఆమె చెప్పేసింది. ఆయన పిలవలేదు. పావుగంట దాకా ఎవరూ పిలవలేదు. ఇక నేనే లోపలికి వెళ్లాను.

చాప మీద కూర్చుని అన్నం తింటున్నాడు. కుడిచెయ్యి కట్టుతో ఒళ్లో ఉంది. ఎడమ చేత్తో తింటున్నాడు. అలవాటు లేదు కదా, చారన్నం వేళ్లలోంచి జారి చొక్కా మీద, చాప మీద పడుతోంది. పరాయి ఇంట్లో, ఆడమనిషి వడ్డిస్తుంటే ఎడమ చేత్తో తినడం ఆయనలాంటి మనిషికి ఎంత కష్టమో నాకు తెలుసు. చెంచా ఇవ్వనా అని మా ఆవిడ అడిగిందట, వద్దన్నాడట. నన్ను చూసి, "కూకో బావా" అన్నాడు. నా ఇంట్లో నన్ను.

కూర్చున్నాను. రెండు బస్సులు మారి వచ్చాడని, బస్సులో నిలబడ్డానికి చెయ్యి పట్టు దొరక్క ఇబ్బంది పడ్డాడని మాటల్లో తెలిసింది. చివరికి నేనే అన్నాను.

"నాను పీకింది రెండోది బావా."

"తెల్సు."

"తరవాత మార్చీసినాను."

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అది తెలియదనుకుంటాను. మళ్లీ ముద్ద తీసుకున్నాడు.

"ఒగ్గీ" అన్నాడు.

వదిలేయమని. అంతే. నాకు అప్పుడు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. అలా ఎలా వదిలేస్తావని అడిగాను. నన్ను తిట్టమన్నాను. మేనేజరు దగ్గర తన మీదే ఎందుకు వేసుకున్నావని దాదాపు కసిరాను. మా ఆవిడ వంటింటి గడప దగ్గర కొయ్యబారి నిలబడిపోయింది. ఆమెకప్పుడే తెలిసింది.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"నిజం సెప్తే ఏలు మొలుత్తాదేటి? నీ పని పోతాది. అంతేగా. మొదట్లో నాకూ కోపంగానే ఉండీది. నువ్వొత్తావని సూసినాను. ఒస్తే రెండు తిట్టీసి ఊరుకుందునేమో. నువ్వు రాలేదు. మీ సెల్లెమ్మ కబురెట్టమంది, ఏటీ అనుకోవడం లేదని సెప్పించమంది. కబురెడితే నువ్వు నమ్మవు బావా. నీ సంగతి నాకు తెల్దా? మడిసి ఎదరకొస్తే గాని నమ్మవు. అందికే నానే వొచ్చీసినాను."

ఆయన తన పాత ప్రశ్న గుర్తుంచుకుని ఆ మాట అనలేదు. అది నాకు ఖాయంగా తెలుసు. కానీ నాలుగైదేళ్లు నేను కాగితాలు రాసి, అయ్యగారిని అడిగి, పీఠమెక్కి చెప్పలేని జవాబు అది. అక్కడే కూర్చుని క్షమించేశానంటే ఎందుకు చాలదో నాకు నా ఇంట్లో, చాప మీద పడ్డ మెతుకుల ముందు అర్థమైంది. అర్థమైనందుకు సంతోషం కలగాలి. కలగలేదు. నా దేవుణ్ణి నమ్మని మనిషి అనుకున్నవాడు నా దేవుడు చేసిన పనే చేసి, బస్సు వేళైందని లేచి వెళ్లిపోతుంటే, ప్రైజులు తెచ్చుకున్న నేను వాకిట్లో చేతులు వేలాడేసుకుని నిలబడ్డాను.

మర్నాడు సాయంత్రమే అయ్యగారి దగ్గరికి వెళ్లి ఫ్యూజు సంగతి చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని రెండు నిమిషాలు ప్రార్థన చేసి, ప్రభువు క్షమించాడు, ఇక నువ్వు మనసులో పెట్టుకోకు అన్నారు. ఆ వెంటనే చర్చి ట్యూబులైట్లు మిణుకుతున్నాయి, ఆదివారంలోగా చూస్తావా అని అడిగారు. నేను స్టూలెక్కి చూసి వచ్చాను. రెండు నిమిషాలా? మూడు వేళ్లకి రెండు నిమిషాలా? అని దారంతా ఉడికిపోయాను. తీరా ఆలోచిస్తే, క్షమాపణ అంత సులువుగా, అంత ఊరికే దొరుకుతుందని నలుగురికీ చెప్పింది నేనే. మిగతావాళ్లకైతే దొరకాలి. నాకు మాత్రం కొంత కష్టపడ్డాక దొరకాలి. అలాగని ఎప్పుడూ పైకి అనుకోలేదు గాని, నా నమ్మకం అదేనని అప్పుడు బయటపడింది.

సరే, కష్టపడతాననుకున్నాను. వారానికి రెండుసార్లు గాజువాక వెళ్లడం మొదలుపెట్టాను. కిరసనాయిలు క్యూలో నిలబడ్డాను. కుళాయి దగ్గర బిందెలు మోశాను. ఆయన కూతుర్ని బడి దగ్గర సైకిలు మీద దింపాను. హార్బరు నుంచి మంచి చేపలు ఏరి తీసుకెళ్లాను. చెల్లెమ్మ మొదట్లో వద్దంది, తరవాత మొహమాటంగా ఊరుకుంది. బావ మంచం మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. ఎడమ చేత్తో స్పానరు పట్టడం సాధన చేస్తుండేవాడు. జారి పడితే నేను పరిగెత్తి తీసేవాణ్ణి. అలా నాలుగోసారో ఐదోసారో తీసినప్పుడు ఆయన ముఖం మారింది.

"బావా, నువ్వు తప్పు కడుక్కోడానికొత్తన్నావా, నన్ను సూడ్డానికొత్తన్నావా?"

నేను స్పానరు గుడ్డతో తుడిచి మంచం మీద పెట్టాను.

"నన్ను సూడ్డానికైతే రా. కూకుందాం, తిందాం. కడుక్కోడానికైతే రాకు. నా ఇల్లు సాకిరేవు కాదు."

అన్నన్ని రోజుల్లో ఆయన కఠినంగా అన్న మాట అదొక్కటే. నేను సైకిలెక్కి వచ్చేశాను. నెలరోజులు వెళ్లలేదు. ఇంట్లో అలిగి కూర్చున్నాను. ఏం చెయ్యనివ్వకపోతే నేనెలా బతకాలి అని మా ఆవిడ మీద విసుక్కున్నాను. ఆమె గుడ్డ మడతపెడుతూ, "ఆయన మీకు ఇచ్చింది పుచ్చుకోడం రాక, ఆయన్ని సాధిస్తున్నారు" అంది. ఆమె మీద కూడా రెండు రోజులు మాట మానేశాను.

నాకింకో దారి మిగిలింది, మేనేజరుగారికి నిజం చెప్పడం. ముందే చెయ్యాల్సిన పని అది. బావ తొందరపాటు మనిషన్న మాట ఫ్యాక్టరీలో పాతుకుపోయింది. ఆయన తిరిగి పనిలోకి వస్తే ఫిట్టరుగా కాకుండా కాపలాకని గేటు దగ్గర స్టూలు వేశారు. ఒకరోజు మధ్యాహ్నం గదిలోకి వెళ్లి నిలబడి, తప్పు ఫ్యూజు తీసింది నేనని, తరవాత మార్చింది కూడా నేనని చెప్పాను. ఆయన తలుపు వేసి రమ్మన్నారు. ఆ కాగితాలన్నీ పైకి వెళ్లిపోయాయని, ఇప్పుడు కదిపితే తన మెడకు చుట్టుకుంటుందని, నాలాంటి ఎలక్ట్రీషియను మళ్లీ దొరకడని చెప్పారు. బావ కూడా ఒప్పుకున్నాడు కదా, ఇప్పుడెందుకు అన్నారు. నన్ను తీసేయండి అన్నాను. పిచ్చా అన్నారు. కంప్రెసరు దగ్గర ఏదో శబ్దం వస్తోంది, వెళ్లి చూడమన్నారు.

బయటికొచ్చి గోడకి కాలితో తన్నాను. వేలు వాచింది. దేవుడు శిక్షించడు, మేనేజరు శిక్షించడు, దెబ్బ తిన్నవాడు తిట్టడు. లోకమంతా కలిసి నన్ను వదిలేసింది. ఇంకెవరి దగ్గరికి వెళ్లను? ఫ్యాక్టరీలో కలిసి పనిచేసేవాళ్లందరికీ నేనే విషయం చెప్పాను. కొందరు నమ్మారు. కొందరు నేను బావని వెనకేసుకొస్తున్నానని, మంచితనానికి చెబుతున్నానని అన్నారు. దాంతో మళ్లీ నాకే మంచి పేరు వచ్చింది. అంత విసుగు నాకు జన్మలో ఎప్పుడూ కలగలేదు.

ఆ సాయంత్రం గేటు దగ్గర బావ స్టూలు పక్కనే కింద కూర్చున్నాను. ఏమీ తేలేదు, ఏమీ చెయ్యలేదు. మేనేజరు దగ్గరికెళ్లానని చెప్పాను. "నీకు నెమ్మది లేదు" అని నవ్వాడు. బీడీ వెలిగించమని అగ్గిపెట్టె ఇవ్వలేదు, తనే రెండు వేళ్లతో పట్టుకుని ఎడమ చేత్తో వెలిగించుకున్నాడు. మూడు పుల్లలు ఆరిపోయాయి. నేను చూస్తూ కూర్చున్నాను. చేతులు కదపకుండా కూర్చోడం ఆ రోజు నేను చేసిన అతి కష్టమైన పని. మర్నాటి నుంచి క్యారేజీలు మళ్లీ కలిసి విప్పుకున్నాం. సువార్త మాత్రం నేనెత్తలేదు. ఆయనే ఒకసారి, "ఏటి, ఈమధ్య మీ ప్రభువు మాట ఎత్తడం లేదు" అన్నాడు. నోరు రావడం లేదన్నాను.

ఆయన చర్చిలో చేరాడా అని అడిగేవాళ్లుంటారు. చేరలేదు. ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. ఒకసారి నాతోపాటు ఆరాధనకి వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు, వర్తమానం పొడుగైందన్నాడు. దసరాకి నేను వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. అయ్యగారు మారారు. కొత్త అయ్యగారూ ఏడాదికోసారి, నీ ద్వారా ఎవరైనా వచ్చారా అని అడిగేవారు. నా దగ్గరికే ఒకాయన వచ్చాడండి అని చెప్పాలనిపించేది. చెబితే కథంతా చెప్పాలి. చెప్పేవాణ్ణి కాదు.

ఎనభైల మధ్యలో ఐసు ఫ్యాక్టరీ మూసేశారు. అప్పటికి స్టీల్‌ప్లాంటు కడుతున్నారు, ఎక్కడ చూసినా మట్టి లారీలు, క్రేన్లు. నేను ఒక కాంట్రాక్టరు కింద చేరి కూర్మన్నపాలెం దగ్గరికి మారాను. బావకు అదే కాంట్రాక్టరు దగ్గర పనిముట్ల గది చూసే పని దొరికింది. నేను ఇప్పించానని అందరూ అనుకున్నారు. కాదు, తనే వెళ్లి అడిగి తెచ్చుకున్నాడు. నాకు చెప్పనేలేదు. చెప్పనందుకు నాకు కోపం వచ్చిందని ఒప్పుకుంటాను. నాలో ఆ గుణం పూర్తిగా పోలేదు.

ఒక వేసవిలో వాళ్ల బంధువుల పెళ్లికి ఇద్దరం కలిసి బయల్దేరాం. పొద్దున్న ఎనిమిదికి జంక్షన్లో బస్సు కోసం నిలబడ్డాం. దుమ్ము, ఎండ. వచ్చిన రెండు బస్సులూ నిండిపోయి ఉన్నాయి, ఆపలేదు. నేను కండక్టర్లని, కార్పొరేషన్ని తిట్టుకుంటున్నాను. బావ పెళ్లి కోసం కొత్తగా కుట్టించుకున్న పొడుగుచేతుల చొక్కా వేసుకున్నాడు. అన్నేళ్లూ ఆయన పొట్టిచేతుల చొక్కాలే వేసుకునేవాడు. ఎడమ చేతి ముంజేతి బొత్తాం పెట్టుకోవాలంటే కుడిచేతి వేళ్లు కావాలి. రెండు వేళ్లతో రెండుమూడు సార్లు ప్రయత్నించాడు. కాజా కొత్తది, బిగుతుగా ఉంది.

చెయ్యి నా వైపు చాపాడు.

"ఈ బొత్తం ఎట్టు బావా."

ఆ ప్రమాదం తరవాత ఆయన నన్ను ఏదైనా చేసిపెట్టమని అడగడం అదే మొదటిసారి. నా వంక చూడను కూడా లేదు, బస్సు వచ్చే వైపు చూస్తున్నాడు. నేను బొత్తాం పెట్టాను. నా వేళ్లకి చెమట పట్టి అది రెండుసార్లు జారింది. ఎంతసేపురా అని విసుక్కున్నాడు. కొత్త కాజాలు ఇలాగే కుడతారని నేనూ విసుక్కున్నాను. ఈలోగా మూడో బస్సు వచ్చింది. అదీ ఆగలేదు.